ఐక్లర్ ఇల్లు: రూపం చెడకుండా చలికి, ఎండకు సిద్ధం చేసుకోవడం

ఐక్లర్ ఇల్లంటే అమెరికాలో, కాలిఫోర్నియాలో జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు కట్టించిన ఇల్లు. అది కొన్నవాళ్లు అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఈ ఇంట్లో ఏదీ దాచడానికి చోటు లేదు. అటక లేదు, నేల కింద ఖాళీ లేదు. లోపల నిలబడి తల ఎత్తితే కనిపించే చెక్కే ఇంటి కప్పు. దాని మీద తారు, కంకర, ఆపైన ఆకాశం. మామూలు అమెరికన్ ఇంట్లో అయితే అటక నిండా ఇన్సులేషన్ (చలినీ వేడినీ ఆపే పొర) కొట్టించి, డక్టులు (గాలి గొట్టాలు) కూడా అందులోనే తిప్పేస్తారు. ఇక్కడ అలా చేయబోతే ఆ పనంతా నట్టింట్లో కళ్లకు కనబడుతుంది.

సన్నీవేల్, కూపర్టినో, పాలో ఆల్టో, శాన్‌హోసే వైపు ఇల్లు వెతికే మనవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఐక్లర్ ఎదురవుతుంది. వీధి వైపు దాదాపు కిటికీలుండవు. లోపలికి అడుగుపెడితే వెనక గోడ మొత్తం గాజు. చాలామంది "ఎంత బాగుందో" అంటారు, ఆ వెంటనే "చలికాలం బిల్లు ఎంతొస్తుందో" అని వెనక్కి తగ్గుతారు. మాది సన్నీవేల్‌లో 1960ల మొదట్లో కట్టిన ఇల్లు, మధ్యలో ఏట్రియం, అంటే మన మండువాలా పైకప్పు లేని చోటు, ఉన్న ప్లాను. మా ఆయనా నేనూ కొంచెం కొంచెంగా దీన్ని బాగుచేయించుకున్నాం. ఇప్పుడు జనవరిలో కూడా కాళ్లకు సాక్సులు లేకుండా తిరుగుతున్నాం, గ్యాస్ కనెక్షన్ తీసేశాం. ఇంటి రూపం మాత్రం ఆర్కిటెక్టు గీసినట్టే ఉంది. ఈ పని ఏ వరసలో చేయాలో, ఏది అసలు చేయకూడదో చెబుతాను.

జోసెఫ్ ఐక్లర్ ఆర్కిటెక్టు కాదు, బిల్డరు. కొన్నాళ్లు ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన ఇంట్లో అద్దెకున్నారు. అలాంటి ఇల్లు మధ్యతరగతివాళ్లకూ అందాలనుకున్నారు. ఆన్షెన్ అండ్ ఆలెన్, జోన్స్ అండ్ ఎమ్మన్స్, క్లాడ్ ఓక్లాండ్ లాంటి ఆర్కిటెక్టుల చేత డిజైన్ చేయించి, 1974 దాకా కాలిఫోర్నియాలో సుమారు 11,000 ఇళ్లు కట్టించారు. నాకు ఆయన మీద గౌరవం మరో కారణానికి. చాలామంది బిల్డర్లు తెల్లవాళ్లకే ఇళ్లు అమ్ముతున్న రోజుల్లో ఆయన నల్లజాతివాళ్లకూ ఆసియావాళ్లకూ అమ్మారు. బిల్డర్ల జాతీయ సంఘం వివక్ష వద్దని నిలబడలేదని 1958లో అందులోంచి రాజీనామా చేశారు. మనలాంటి వాళ్లం ఈ వీధుల్లో ఉంటున్నామంటే అలాంటి నిర్ణయాలకూ అందులో భాగముంది. అందుకే ఈ ఇళ్లను కూల్చి రెండంతస్తులు లేపుతుంటే నాకు బాధగా ఉంటుంది.

మొదట చూడండి, తర్వాత కొలవండి

కొన్న వెంటనే పని మొదలుపెట్టకండి. వీలైతే ఒక చలికాలం, ఒక ఎండాకాలం ఉండి చూడండి. ఏ గదిలో తెల్లవారుజామున చలి కొరుకుతుందో, ఏ గాజు మీద మధ్యాహ్నం ఎండ పడుతుందో మీకే తెలుస్తుంది. తర్వాత బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించండి. తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలిని బయటికి లాగుతారు. అప్పుడు ఎక్కడెక్కడినుంచి గాలి లోపలికి వస్తోందో చెయ్యి పెట్టి చూస్తేనే తెలిసిపోతుంది. మా ఇంట్లో గోడ పై అంచుకీ కప్పు చెక్కకీ మధ్య, గాజుల చుట్టూ ఉన్న చెక్క పట్టీల దగ్గర, పాత స్లైడింగ్ తలుపుల కింద ఎక్కువగా వచ్చింది. తెల్లవారకముందు హీటింగ్ ఆన్‌లో ఉంచి థర్మల్ కెమెరాతో ఇంటి చుట్టూ తిరిగితే మిగతా సంగతి బయటపడుతుంది.

ఏదైనా పగలగొట్టే ముందు ఆస్బెస్టాస్, సీసం పరీక్షలు తప్పనిసరి. కార్పెట్ కింద 9 అంగుళాల పాత పలకలు, వాటి కింద నల్లటి జిగురు కనిపిస్తే వాటిలో ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని ల్యాబుకు పంపండి. మీరే గీకి తీయవద్దు. పెయింటులో సీసాన్ని 1978లోనే నిషేధించారు కాబట్టి అంతకు ముందు వేసిన పూతలన్నీ అనుమానించాల్సినవే.

పర్మిట్ల విషయంలో మీ వీధికి ఏ నియమాలున్నాయో ముందే కనుక్కోండి. సన్నీవేల్‌కు 2009 నుంచి ఐక్లర్ ఇళ్ల కోసం ప్రత్యేకంగా డిజైన్ మార్గదర్శకాలున్నాయి. పాలో ఆల్టోకూ ఉన్నాయి. కూపర్టినోలో ఫెయిర్‌గ్రోవ్ అనే ఐక్లర్ కాలనీకి వేరే జోనింగ్ (కట్టడాల నియమాలు) ఉంది. పాలో ఆల్టోలోని గ్రీన్‌మెడో, గ్రీన్ గేబుల్స్ 2005లోనూ, శాన్‌హోసేలోని ఫెయిర్‌గ్లెన్ 2019లోనూ జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరాయి. అలాంటి చోట మీ ఇల్లు ఉంటే కాలిఫోర్నియా హిస్టారికల్ బిల్డింగ్ కోడ్ వర్తిస్తుందేమో ప్లానింగ్ ఆఫీసులో అడగండి. అర్హత ఉన్న ఇళ్లకు ఎనర్జీ కోడ్‌లో వెసులుబాటు దొరుకుతుంది. అసలు రూపాన్ని కాపాడటానికి ఆ వెసులుబాటు చాలా పనికొస్తుంది.

డబ్బంతా ముందు పైకప్పు మీద పెట్టండి

కప్పు చెక్క మందం ఒకటిన్నర అంగుళం. వేడిని ఆపే శక్తిని ఇక్కడ ఆర్-విలువలో కొలుస్తారు. ఆ చెక్కకు అది దాదాపు 2. ఇల్లంతా ఒకే అంతస్తు, అంటే ప్రతి గది నెత్తినా ఇదే కప్పు. చలికాలం వెచ్చదనం పైకే పోతుంది, ఎండాకాలం సాయంత్రానికి ఆ చెక్కే వేడి కక్కుతుంది.

మా దగ్గరికి వచ్చిన ఒక కాంట్రాక్టరు లోపల జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ వేసి, దానికీ చెక్కకీ మధ్య ఇన్సులేషన్ నింపుదామన్నాడు. చవకే. కానీ దూలాలు సగం మునిగిపోతాయి, చెక్క కనబడదు, పైగాజుల అంచులు మూసుకుపోతాయి. దాంతో అది ఐక్లర్ కాకుండా పోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇన్సులేషన్ లోపలి వైపు పెడితే పైచెక్క చల్లగా ఉండిపోతుంది, వంటింటి ఆవిరి, స్నానాల ఆవిరి దాన్ని చేరి నీరుగా మారి కొన్నేళ్లకు చెక్క కుళ్లవచ్చు. ఇన్సులేషన్ చెక్క పైన ఉంటే చెక్క ఇంటి వేడిలోనే ఉంటుంది, తడి చేరదు. కాబట్టి ఈ ఇంటికి ఇన్సులేషన్ ఎప్పుడూ కప్పు పైనే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది స్ప్రే ఫోమ్. పాత తారు, కంకర తీసేసి పాలీయురెథేన్ ఫోమ్ చల్లి, పైన తెల్లటి పూత వేస్తారు. అంగుళానికి ఆర్-విలువ 6 చుట్టూ ఉంటుంది. రెండున్నర అంగుళాలు వేస్తే 15 దాకా వస్తుంది. అతుకులుండవు, నీరు నిలిచే పల్లాలను ఫోమ్‌తోనే సరిచేయవచ్చు. ఎండ తగిలితే ఫోమ్ పాడవుతుంది కాబట్టి పైపూత అరిగిపోకముందే మళ్లీ వేయించుకుంటూ ఉండాలి. రెండోది గట్టి ఫోమ్ బోర్డులు పరిచి, పైన ప్లాస్టిక్ మెంబ్రేన్ వేయడం. ఖర్చు ఎక్కువే, కానీ చూడటానికి నీటుగా ఉంటుంది, బోర్డుల్లో గాడి కోసి కరెంటు పైపులు దాచుకోవచ్చు. మేం ఫోమ్ వేయించాం. మా కప్పు మీద పల్లాలు ఎక్కువ, అందుకని.

బోర్డుల దారి ఎంచుకుంటే కాంట్రాక్టుకు సంతకం పెట్టే ముందే ఒక మాట రాయించుకోండి: "మేకులు, స్క్రూలు చెక్క దాటి లోపలికి రాకూడదు." మామూలు ఇళ్ల కప్పులు వేసేవాళ్లకు లోపల అటక ఉంటుందన్న అలవాటు. పొడుగు స్క్రూలు దింపేస్తారు. ఐక్లర్‌లో ఆ మొనలన్నీ మీ హాల్లో కప్పు నిండా బయటికి వస్తాయి. జిగురుతో అతికించమనండి, లేదా స్క్రూ పొడవు కొలిచి చూపించమనండి.

ఇంకొకటి చూరు అంచు. వీధిలోంచి చూసినప్పుడు సన్నటి గీతలా కనిపించే ఆ చూరే ఈ ఇంటి అందం. మధ్యలో ఎంత మందం వేసినా, చివరికి వచ్చేసరికి ఫోమ్‌ను పలచగా చేసి దింపమని చెప్పండి. చూరు కింద గది లేదు కదా, అక్కడ ఇన్సులేషన్ తక్కువైనా నష్టం లేదు. మందం పెరిగిందని పెద్ద రేకు పట్టీ కొడితే ఇల్లు టోపీ పెట్టుకున్నట్టు అయిపోతుంది.

కప్పు తెరిచినప్పుడే మిగతా పనులన్నీ ఆలోచించండి. ఈ ఇళ్లలో వైర్లు చాలావరకు కప్పు మీదుగానే పోతాయి. కొత్త లైటు, ఫ్యాను, వంటింటి హుడ్, ఇండక్షన్ పొయ్యి, కారు ఛార్జర్ ఎక్కడికి కావాలో ముందే గీసుకుని, ఎలక్ట్రీషియన్ చేత కండ్యూట్లు (వైర్లు పోయే గొట్టాలు) వేయించి, సోలార్ ప్యానెళ్ల కాళ్లు కూడా బిగించాకే ఫోమ్ చల్లించండి. తర్వాత గుర్తొచ్చిన ప్రతి వైరుకూ కొత్త కప్పుకు చిల్లు పెట్టాలి.

గాజులు

ఐక్లర్‌లో పెద్ద గాజులకు కిటికీ ఫ్రేములుండవు. స్తంభంలోనే గాడి తీసి, గాజు నిలబెట్టి, చుట్టూ చెక్క పట్టీలు కొట్టారు. అందుకే లోపలికీ బయటికీ మధ్య ఏమీ లేనట్టుంటుంది. ఆ ఒంటి గాజు వేడిని దాదాపు ఆపదు. దాని యు-విలువ, అంటే వేడిని ఎంత దాటనిస్తుందో చెప్పే కొలత, 1 దగ్గర ఉంటుంది. మంచి పూత ఉన్న డబుల్ గాజుకు 0.30 లేదా అంతకంటే తక్కువ. యు-విలువ ఎంత తక్కువైతే అంత మంచిది.

కిటికీలు అమ్మేవాళ్లు వచ్చి, లావుపాటి తెల్ల వినైల్ ఫ్రేములు చూపిస్తారు. వద్దనండి. డబుల్ గాజును ఫ్రేము లేకుండా విడిగా తయారుచేయించి, పాత పద్ధతిలోనే స్తంభాల గాడిలో నిలబెట్టే గాజుపనివాళ్లు ఈ ప్రాంతంలో ఉన్నారు. గాడి చాలకపోతే పట్టీలు సన్నగా చేస్తారు. గాడి మరీ తక్కువైతే వాక్యూమ్ గాజు అని ఉంది. రెండు గాజుల మధ్య గాలి తీసేసి చేస్తారు, మొత్తం మందం అర అంగుళం కూడా ఉండదు. చాలా ఖరీదు. ముందు వైపు సన్న గాజులకు మాత్రమే ఆలోచించండి.

డబుల్ గాజు అడుగు నీళ్లలో నానితే దాని సీలు పోయి లోపల మసక పడుతుంది. గాజు కింద చిన్న రబ్బరు దిమ్మలు పెట్టి, నీరు బయటికి పోయే దారి వదలమని దగ్గరుండి చెప్పండి. నేల దాకా దిగే గాజులన్నీ టెంపర్డ్ అయి ఉండాలి. అది కోడ్ నియమం, పిల్లలు పరుగెత్తే ఇంట్లో నియమం లేకపోయినా వేయించవలసిందే. బరువు రెట్టింపవుతుంది కాబట్టి గాజు మోసే అడుగు చెక్క కుళ్లిందేమో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసుకోండి. స్లైడింగ్ తలుపులకు మాత్రం ఫ్రేము తప్పదు. సన్నటి అల్యూమినియం, మధ్యలో వేడి పాకకుండా అడ్డు ఉన్నది తీసుకోండి.

డబ్బు చాలకపోతే అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు పడకగదుల గాజులు, ఉత్తరం వైపువి మార్చి, మిగతావాటికి గాలి సందులు పూడ్చండి. సందులు పూడ్చడం ఈ మొత్తంలో అతి చవకైన పని, వెంటనే తేడా తెలుస్తుంది.

గోడలు బయటినుంచి విప్పాలి

లోపలి గోడలకు ఫిలిప్పీన్ మహాగని పలకలు ఇంకా ఉంటే మీరు అదృష్టవంతులు. చాలా ఇళ్లలో వాటి మీద తెల్ల పెయింటు కొట్టేశారు, అది మళ్లీ వదలదు. గోడలో ఇన్సులేషన్ పెట్టాలంటే లోపలి పలకలు తాకవద్దు. బయటి సైడింగ్ (గోడకు బయట కొట్టిన చెక్క పలకలు) విప్పి, మూడున్నర అంగుళాల ఖాళీలో రాక్‌వూల్ (రాతి నారతో చేసిన ఇన్సులేషన్) నింపి, తడి ఆపే పొర వేసి, అదే గీతల నమూనాలో కొత్త సైడింగ్ కొట్టించండి. ఐక్లర్ గీతల సైడింగ్‌ను ఇప్పటికీ ప్రత్యేకంగా తయారుచేసేవాళ్లున్నారు. గీతల మధ్య దూరం కొలిచి మీ పాత ముక్కతో పోల్చుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. భూకంపం వచ్చినప్పుడు గోడ ఒరగకుండా పట్టుకునేది కూడా ఈ సైడింగే కావచ్చు, కాబట్టి మార్చే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఒకసారి చూపించండి.

మహాగని పలక ఏదైనా పాడైతే కొత్తది తెచ్చి పెట్టకండి. అరవై ఏళ్ల వెలుతురుకు మారిన రంగు కొత్త చెక్కకు రాదు. బట్టల అలమర లోపలి గోడకు అదే పలక ఉంటుంది. దాన్ని విప్పి తెచ్చి హాల్లో పెట్టి, అలమరలో కొత్తది వేయండి. శుభ్రం చేసే ముందు మూలలో చిన్న చోట ఆల్కహాల్ అద్ది చూడండి. పూత కరిగి జిగురుగా అయితే అది షెల్లాక్ (లక్క పూత), దాని మీదికి నీళ్లూ క్లీనర్లూ తేవద్దు. పొడిబట్టతో తుడిచి, అవసరమైన చోట పలచగా షెల్లాకే వేయాలి.

నేలలోని వేడి

నాకు ఈ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైనది నేల. శ్లాబులో పైపులు పాతి, వాటిలో వేడినీళ్లు తిప్పుతారు. గాలి వీచదు, చప్పుడుండదు, దుమ్ము లేవదు. అమ్మ గుంటూరు నుంచి వస్తే కుర్చీ అడగదు, నేల మీద చాప కూడా లేకుండా కూర్చుని కూరలు తరుగుతుంది.

పాత రేడియంట్ (ఈ నేల హీటింగ్) పోయిందని అమ్మినవాళ్లు చెప్పినా వెంటనే నమ్మకండి. చాలాసార్లు పోయేది బాయిలరో, పంపో, వాల్వో మాత్రమే. ప్రెజర్ టెస్ట్ చేయించండి. నిజంగా లీకుంటే థర్మల్ కెమెరాతోనూ, చప్పుడు వినే పరికరంతోనూ చోటు కనిపెట్టి, ఆ కొంచెం కాంక్రీటే తవ్వి అతికిస్తారు. పైపు రాగిదా ఇనుముదా కనుక్కోండి. 1950ల్లో రాగి కొరత ఉన్నప్పుడు కొన్ని ఇళ్లకు ఇనుప పైపులు వేశారు. అవి లోపలినుంచి తుప్పు పడతాయి, వాటి మీద కొత్త పెట్టుబడి పెట్టడం దండగ. రాగి అయితే కాపాడుకోండి. ఆ నేలలో మేకు కొట్టవద్దు, కార్పెట్ పట్టీలు కూడా కొట్టనివ్వద్దు. డ్రిల్ పెట్టాల్సి వస్తే ముందు కెమెరాతో పైపులు ఎటు పోతున్నాయో గుర్తులు పెట్టించుకోండి.

బాయిలర్ స్థానంలో నీళ్లు వేడిచేసే హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి లాగే యంత్రం) పెట్టుకోవచ్చు. గాజులు, కప్పు అయ్యాకే పెట్టండి. అప్పుడు ఇంటికి కావలసిన వేడి బాగా తగ్గుతుంది, చిన్న యంత్రం సరిపోతుంది. నేలకు మరిగే నీళ్లు అక్కర్లేదు, 100 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటూ ఉంటే చాలు. హీట్ పంప్ బాగా పనిచేసేది కూడా అలాంటి తక్కువ వేడి దగ్గరే. శ్లాబు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి థర్మోస్టాట్ పగలు తగ్గించి రాత్రి పెంచే అలవాటు మానుకోండి. ఒకే చోట వదిలేయండి. నేల మీద మందపాటి కార్పెట్, మందపు చెక్క వేస్తే వేడి పైకి రాదు. టైలు గానీ పలచటి కార్క్ గానీ మంచిది.

శ్లాబు వేడి ఎక్కువగా పోయేది అంచుల నుంచి. తోట పని ఎలాగూ చేయిస్తుంటే, ఇంటి చుట్టూ కొంత తవ్వి శ్లాబు అంచుకు రెండు అంగుళాల ఫోమ్ బోర్డు పెట్టించి, పైన సిమెంటు బోర్డుతో కప్పించండి. దాని వెనక చెదలు పాకితే కనబడవు. అందుకని పైఅంచుకు రేకు పెట్టించి, చెదలు చూసేవాళ్లకు కొంత ఖాళీ వదలాలి.

ఏట్రియం, వేసవి రాత్రులు

మన మండువా ఇంట్లో మధ్య నుంచి ఆకాశం ఎలా కనిపిస్తుందో ఇక్కడా అంతే. కొందరు ఏట్రియం మీద గాజు కప్పు వేసి గదిలో కలుపుకుంటారు. నా మాట వినండి, వేయకండి. ఇంటికి గాలి ఇచ్చే దారి అదే. సన్నీవేల్‌లో వేసవి పగలు ఎంత కాగినా రాత్రికి చాలావరకు 60 డిగ్రీల ఫారన్‌హీట్ లోపుకు దిగుతుంది. రాత్రి ఏట్రియం వైపు తలుపు, వెనక తలుపు కొంచెం తెరిచి ఉంచి, పొద్దున్నే మూసి, ఎండ పడే గాజుకు బయటివైపు తెర దించితే కొత్త కప్పు కింద ఇల్లు సాయంత్రం దాకా చల్లగా ఉంటుంది. తెర లోపల కాదు, బయట ఉండాలి. గాజు దాటి వచ్చిన వేడి లోపలి కర్టెనుకు ఆగదు. పడమటి వైపు ఆకు రాల్చే చెట్టు ఒకటి నాటండి.

వేడిగాలుల వారాలకు మాత్రం ఏసీ కావాలి, అడవి మంటల పొగ కమ్మిన రోజుల్లో తలుపులు తెరవలేం కూడా. పడకగదుల వైపు చిన్న మినీ స్ప్లిట్ (డక్టులు అక్కర్లేని ఏసీ) చాలు. బయటి యంత్రం పక్క కంచె వెనక నేల మీద పెట్టించండి. కప్పు మీద డక్టుల పెట్టెలు పెట్టిస్తే వీధి చివరినుంచి కనబడతాయి.

మనవాళ్ల ఇంటికి ప్రత్యేకంగా ఒక మాట. సందులన్నీ పూడ్చాక ఇంట్లోకి దొంగగాలి రాదు, అంటే పోపు ఘాటు బయటికి పోదు కూడా. వంటిల్లు హాల్లోకే తెరిచి ఉంటుంది, నూనె ఆవిరి నేరుగా మహాగని మీద, కప్పు చెక్క మీద పేరుకుంటుంది. బయటికి తోసే హుడ్ తప్పనిసరి, ఫిల్టర్ పెట్టి గాలిని మళ్లీ లోపలికే వదిలేది పనికిరాదు. హుడ్ పొయ్యి కంటే కొంచెం వెడల్పు ఉండాలి. నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటే హుడ్ అయితే లోపలికి గాలి వచ్చే దారి కూడా వేరుగా పెట్టమంటారు.

చివరగా సోలార్. 2023 ఏప్రిల్ తర్వాత పీజీ అండ్ ఈ (ఇక్కడి కరెంటు కంపెనీ) పరిధిలో కొత్తగా పెట్టుకునేవాళ్లకు గ్రిడ్‌కు పంపిన కరెంటుకు వచ్చే ధర బాగా తగ్గిపోయింది. పగటి కరెంటు పగలే వాడుకునేలా లెక్కవేసుకుని, అవసరమైతే బ్యాటరీతో కలిపి, ప్యానెళ్లు పెట్టండి. కప్పు చదునుగానే ఉంటుంది కాబట్టి వాటిని ఎక్కువ లేపకుండా, చూరు అంచుకు దూరంగా వెనక్కి జరిపి బిగిస్తే వీధిలోంచి కనబడవు. మీటరు దగ్గర ఇంటి కరెంటు పెట్టె 100 ఆంపియర్ల పాతదైతే పెంచమని చెప్పే ముందు, ఏ యంత్రం ఎప్పుడు నడుస్తుందో ఎలక్ట్రీషియన్ చేత లోడు లెక్క వేయించండి. కప్పు, గాజులు బాగుపడిన ఇంటికి చాలాసార్లు అదే సరిపోతుంది.

ప్రతి దశలో ఫోటోలు తీసి పెట్టుకోండి, ముఖ్యంగా ఫోమ్ చల్లకముందు కండ్యూట్లు ఎటు పోయాయో, నేలలో పైపులు ఎటు తిరిగాయో. పాత సైడింగ్ ముక్క ఒకటి, మిగిలిన మహాగని పలకలు, విప్పిన గుండ్రటి తెల్ల లైట్లు గ్యారేజీలో పొడి చోట ఉంచండి. ఆ లైట్లలో ఎల్‌ఈడీ బల్బు పెడితే మళ్లీ అక్కడే వేలాడదీయవచ్చు. కప్పు పూత ఎప్పుడు వేశారో, ఏ కంపెనీదో ఒక కాగితం మీద రాసి మీటరు పెట్టె లోపలి వైపు అతికించండి. మళ్లీ పూత వేయడానికి వచ్చేవాళ్లు మొదట అడిగేది అదే.